సెండ్‌మెయిల్: చిరునామా అన్వయం, ఉత్తరం బట్వాడా – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఈ-మెయిల్‌ను ఒక నెట్‌వర్క్ నుంచి మరొక నెట్‌వర్క్‌కు మళ్లించి గమ్యానికి చేర్చే ప్రోగ్రాములలో సెండ్‌మెయిల్ చారిత్రకంగా ముఖ్యమైనది. చిరునామాలను అది ఏ విధంగా చదువుతుంది, ఏ సూత్రాలతో మారుస్తుంది, బట్వాడా కుదరనప్పుడు ఏమి చేస్తుంది అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఎవరు ఏ రూపంలో ఇచ్చినా స్వీకరించాలన్న దాని స్వభావమే దాని వ్యాప్తికీ, దాని భద్రతా లోపాలకూ కారణమైందని నిరూపించడం, చిరునామాల విషయంలో అంత ఉదారమైన ఆ వ్యవస్థ లిపి విషయంలో ఎందుకు సంకుచితంగా ఉండిపోయిందో తెలుగును ఆధారం చేసుకొని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యాలు.

కీలక పదాలు: సెండ్‌మెయిల్, ఈ-మెయిల్, చిరునామా, సూత్రం, స్థాని, ఆదేశం, బట్వాడా, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:
తపాలా వ్యవస్థలో ఉత్తరం రాసేవారు, దానిని ఊరి వారీగా వేరుచేసి ఏ సంచిలో వేయాలో నిర్ణయించేవారు, చివరకు ఇంటికి తెచ్చి ఇచ్చేవారు వేరువేరు వ్యక్తులు. ఈ-మెయిల్‌లోనూ ఈ మూడు పనులు వేరువేరుగానే ఉన్నాయి. వాడుకరి ఉత్తరం రాయడానికీ చదవడానికీ ఉపయోగించేది ఒక ప్రోగ్రాము. అందిన ఉత్తరాన్ని వాడుకరి పెట్టెలో వేసేది మరొకటి. ఈ రెండింటికీ నడుమ నిలిచి, చిరునామాను చదివి, మార్గాన్ని నిర్ణయించేది మూడవది. సెండ్‌మెయిల్ ఈ మూడవ కోవకు చెందుతుంది.

ఇది తెరపై బొమ్మలు, మీటలు కనిపించే ప్రోగ్రాము కాదు. కమాండ్ లైన్‌లో పేరు టైపు చేసి నడిపించేది, లేదా సర్వర్‌లో తెర వెనుక నిరంతరం నడుస్తూ ఉండేది. సామాన్య వాడుకరికి దాని ఉనికి తెలియదు. ఉత్తరం తిరిగి వచ్చినప్పుడు మాత్రమే నడుమ ఎవరో ఉన్నారన్న సంగతి తెలుస్తుంది. కనిపించని ఈ మధ్యవర్తి ఎలా ఆలోచిస్తుందో పరిశీలిద్దాం.

2. ఆవిర్భావ నేపథ్యం:
1970ల చివర అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీ ప్రాంగణంలో ఒకటి కంటె ఎక్కువ నెట్‌వర్క్‌లు ఉండేవి. ఇంగ్రెస్ అనే డేటాబేస్ పరిశోధన ప్రాజెక్టు కంప్యూటర్‌కు ఆర్పానెట్ సంబంధం ఉండేది. ప్రాంగణంలోని ఇతర యంత్రాలు బెర్క్‌నెట్ ద్వారా కలిసి ఉండేవి. టెలిఫోన్ తీగల మీదుగా యంత్రం నుంచి యంత్రానికి ఫైళ్లను అందించే యూయూసీపీ మరొక మార్గం. ఆర్పానెట్ ఉత్తరాల కోసం అందరూ ఇంగ్రెస్ యంత్రంలో ఖాతా కావాలని కోరడంతో, ఆ ప్రాజెక్టులో పనిచేస్తున్న ఎరిక్ ఆల్‌మన్ ఉత్తరాలను ఒక నెట్‌వర్క్ నుంచి మరొక దానికి మళ్లించే డెలివర్‌మెయిల్ అనే ప్రోగ్రామును 1979 ప్రాంతంలో రచించాడు.

డెలివర్‌మెయిల్‌లో చిరునామాల వివరాలు ప్రోగ్రాములోనే ఇమిడి ఉండేవి. కొత్త నెట్‌వర్క్ వస్తే ప్రోగ్రామునే మార్చవలసి వచ్చేది. ఇంతలో ఎస్‌ఎంటీపీ అనే ఉత్తరాల మార్పిడి నియమావళి 1982 ఆగస్టులో వెలువడింది. 1983 జనవరి 1న ఆర్పానెట్ టీసీపీ-ఐపీ పద్ధతికి మారింది. మారుతున్న పరిస్థితికి తగినట్టుగా, చిరునామా నియమాలను ప్రోగ్రాము నుంచి వేరుచేసి ఒక ప్రత్యేక ఫైలులో ఉంచే విధంగా ఆల్‌మన్ సెండ్‌మెయిల్‌ను రూపొందించాడు. అది 1983లో బర్కిలీ యూనిక్స్‌తో పాటు వెలువడి, ఆ యూనిక్స్ వెళ్లిన ప్రతి చోటికీ వెళ్లింది.

3. చిరునామా: అన్వయ సమస్య:
నాటి నెట్‌వర్క్‌లలో చిరునామా రాసే తీరు ఒకటి కాదు. ఆర్పానెట్‌లో ‘గోపి@క’ అని రాస్తే, యూయూసీపీలో ‘క!గోపి’ అనీ, బెర్క్‌నెట్‌లో ‘క:గోపి’ అనీ రాసేవారు. ఇక్కడ ‘క’ యంత్రం పేరు, ‘గోపి’ వాడుకరి పేరు.

రెండు పద్ధతులు కలిసినప్పుడు అసలు చిక్కు వస్తుంది. ‘క!గోపి@ఖ’ అనే చిరునామాను తీసుకొందాం. ఆర్పానెట్ సంప్రదాయం ప్రకారం ఉత్తరం మొదట ‘ఖ’కు వెళ్లి, అక్కడి నుంచి ‘క’కు పోవాలి. యూయూసీపీ సంప్రదాయం ప్రకారం మొదట ‘క’కు వెళ్లి, అక్కడి నుంచి ‘ఖ’కు పోవాలి. అక్షరాలు అవే, విడగొట్టే చోటు మారితే మార్గమే మారుతుంది. ఒకే సమాసానికి రెండు విగ్రహవాక్యాలు చెప్పే వీలున్నప్పుడు అర్థం మారడం వంటిదే ఇది. కాబట్టి ఉత్తరాన్ని మోసుకుపోవడం కంటె చిరునామాను అన్వయించడమే కష్టమైన పని అయింది.

4. సూత్రాల పనితీరు:
ఈ సమస్యకు సెండ్‌మెయిల్ చూపిన పరిష్కారం తిరగరాసే సూత్రాలు. ప్రతి సూత్రంలో ఎడమ భాగం, కుడి భాగం అని రెండు ఉంటాయి. చిరునామా ఎడమ భాగంలోని నమూనాకు సరిపోతే, కుడి భాగం చెప్పిన రూపానికి మారుతుంది. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే ఎడమది స్థాని, కుడిది ఆదేశం.

ఒక సరళమైన ఉదాహరణ చూద్దాం. ఎడమ: $+!$+ కుడి: $2@$1. ఇందులో $+ అంటే ఒకటి లేదా అంతకు మించిన పదాంశాలు. $1, $2 అనేవి వరుసగా మొదటి, రెండవ $+ కు దొరికిన భాగాలు. ఈ సూత్రం ‘క!గోపి’ని ‘గోపి@క’గా మారుస్తుంది. అయితే సంధి సూత్రానికీ దీనికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. సెండ్‌మెయిల్ సూత్రం సరిపోతున్నంత వరకు మళ్లీ మళ్లీ ప్రవర్తిస్తుంది. ‘క!ఖ!గోపి’ మొదటి సారి ‘ఖ!గోపి@క’ అవుతుంది. ఇది సరైన రూపమే: ఉత్తరం ‘క’కు వెళితే, అది ‘ఖ’కు అందిస్తుంది. కాని ఇంకా ‘!’ మిగిలి ఉన్నందున సూత్రం రెండవ సారి ప్రవర్తించి ‘గోపి@క@ఖ’ అనే అర్థం లేని రూపాన్ని ఇస్తుంది. దీనిని నివారించడానికి కుడి భాగం మొదట $@ అనే గుర్తు ఉంచితే, ఒక్కసారి మార్చి ఆగిపోతుంది. ఒక చిన్న గుర్తు లోపించినా ఉత్తరం దారి తప్పుతుంది. సెండ్‌మెయిల్ ఫైలును సరిచేయడం కష్టమన్న పేరు రావడానికి ఇదే మూలం.

సూత్రాలు సంఖ్యలు గల సముదాయాలుగా ఉంటాయి. వీటిలో 3వ సముదాయం ఏ రూపంలో వచ్చిన చిరునామానైనా ఒక ప్రామాణిక రూపానికి తెస్తుంది. తరువాత 0వ సముదాయం దానిని మూడు అంశాలుగా తేలుస్తుంది: ఏ బట్వాడా సాధనం, ఏ యంత్రం, ఏ వాడుకరి. బట్వాడా సాధనం అదే యంత్రంలోని పెట్టెలో వేసేది కావచ్చు, ఎస్‌ఎంటీపీ కావచ్చు, యూయూసీపీ కావచ్చు. సెండ్‌మెయిల్ నిర్ణయిస్తుంది, పెట్టెలో వేసే పనిని తగిన సాధనానికి అప్పగిస్తుంది. ఈ ప్రక్రియను పరీక్షించడానికి ‘-బీటీ’ అనే ఐచ్ఛికంతో ప్రోగ్రామును నడిపి, సముదాయాల సంఖ్యలనూ ఒక చిరునామానూ ఇస్తే, ఏ సముదాయం దేనిని తీసుకొని దేనిని తిరిగి ఇచ్చిందో వరుసగా కనిపిస్తుంది. వ్యాకరణ తరగతిలో పదసాధన చేసి చూపినట్టే ఉంటుందది.

5. బట్వాడా కుదరనప్పుడు:
అవతలి యంత్రం పనిచేయకపోతే ఉత్తరాన్ని పారవేయకూడదు. వెంటనే తిప్పి పంపకూడదు కూడా. అందువల్ల సెండ్‌మెయిల్ ఉత్తరాన్ని వరుసలో నిలిపి ఉంచుతుంది. చిరునామా మొదలైన నియంత్రణ వివరాలు ఒక ఫైలులో, ఉత్తర పాఠం మరొక ఫైలులో ఉంటాయి. నిర్ణీత వ్యవధిలో మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎస్‌ఎంటీపీలో అవతలి సర్వర్ ఇచ్చే సమాధాన సంఖ్య 4తో మొదలైతే ఆటంకం తాత్కాలికం, 5తో మొదలైతే శాశ్వతం. 8వ వెర్షన్ సాధారణ అమరికలో 4 గంటలు దాటితే పంపినవారికి ఆలస్యాన్ని తెలుపుతుంది. 5 రోజులు దాటితే ఉత్తరాన్ని తిప్పి పంపుతుంది. అలా తిప్పి పంపే సమాచారానికి పంపినవారి చిరునామాను ఖాళీగా ఉంచుతారు. అదీ చేరకపోతే, తిరుగుటపాకు మళ్లీ తిరుగుటపా పుట్టి అంతులేకుండా సాగకుండా ఉండడానికే ఈ ఏర్పాటు.

6. ఔదార్యం – అపాయం:
ఏ రూపంలో వచ్చినా స్వీకరించడం, ఎవరి ఉత్తరాన్నైనా ముందుకు పంపడం పరస్పరం తెలిసిన పరిశోధకుల లోకంలో సుగుణాలు. ఆ లోకం విస్తరించగానే అవి లోపాలయ్యాయి. 1988 నవంబర్ 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ విడిచిన ‘వర్మ్’ వాడుకొన్న దారులలో సెండ్‌మెయిల్ ఒకటి. పరీక్షల కోసం ఉద్దేశించిన డీబగ్ కమాండ్ అనేక యంత్రాలలో తెరిచే ఉండేది. ఆ స్థితిలో అందుకొనేవారి పేరు ఉండవలసిన చోట ఒక కమాండ్‌ను ఇవ్వడానికి వీలుండేది. అంటే ఉత్తరంలోని పాఠం చదవవలసిన విషయం కాక, యంత్రం అమలుచేసే ఆజ్ఞగా మారింది.

ఇతరుల ఉత్తరాలను అడ్డు లేకుండా ముందుకు పంపే గుణాన్ని అవాంఛిత ప్రకటనలు పంపేవారు వాడుకోవడంతో, 1998లో వెలువడిన 8.9వ వెర్షన్‌లో ఆ సౌకర్యాన్ని మూలం నుంచే నిలిపివేశారు. అనుమతించిన వారికే అది పరిమితమైంది. పని అంతా పెద్ద అధికారాలతో ఒకే ప్రోగ్రాము చేయడం ప్రమాదకరమన్న గుర్తింపుతో క్యూమెయిల్, పోస్ట్‌ఫిక్స్ వంటివి పనిని చిన్న చిన్న భాగాలుగా విభజించుకొన్నాయి. అయినా పోస్ట్‌ఫిక్స్, ఎగ్జిమ్ వంటి ప్రోగ్రాములు కూడా ‘సెండ్‌మెయిల్’ అనే పేరుతోనే ఒక కమాండ్‌ను అందిస్తాయి. ఉత్తరం పంపదలచిన ఇతర ప్రోగ్రాములు ఆ పేరునే పిలవడానికి అలవాటుపడ్డాయి. ప్రోగ్రాము మారినా పిలుపు మారలేదు.

7. లిపి పరిమితి – తెలుగు:
చిరునామా రూపాలన్నింటినీ ఆదరించిన ఈ వ్యవస్థ అక్షరం విషయంలో మాత్రం ఒకే లిపిని ఊహించుకొంది. 1982 నాటి ఎస్‌ఎంటీపీ 7 బిట్‌ల ఆంగ్ల అక్షర సంకేతాలకే పరిమితం. తొలి సెండ్‌మెయిల్ వెర్షన్లు 8వ బిట్‌ను తమ అంతర్గత గుర్తుగా వాడుకొని, ఉత్తర పాఠంలో దానిని తొలగించేవి. 8వ బిట్ పోతే ఆంగ్లేతర లిపి సంకేతాలు ఛిద్రమవుతాయి.

1992లో వచ్చిన మైమ్ ప్రమాణం ఇతర లిపుల పాఠాన్ని 7 బిట్‌ల వేషంలో పంపే వీలు కల్పించింది. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. ‘తెలుగు’ అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. బేస్64 పద్ధతి ప్రతి 3 బైట్లనూ 4 అక్షరాలుగా మారుస్తుంది కనుక, దారిలో ఆ మాట 24 అక్షరాలై ప్రయాణిస్తుంది.

పాఠానికి ఇలా దారి దొరికినా చిరునామాకు దొరకలేదు. @ గుర్తుకు కుడివైపు ఉండే డొమైన్ పేరును, ఉదాహరణకు తెలుగు లిపిలోని ‘.భారత్’ను, ప్యూనీకోడ్ ద్వారా ఆంగ్ల అక్షరాలలోకి మార్చవచ్చు. ఎడమవైపు వాడుకరి పేరుకు అటువంటి మారురూపం లేదు. 2012లో ఎస్‌ఎంటీపీ-యూటీఎఫ్8 అనే విస్తరణ దీనిని అనుమతించింది. కాని దారిలోని ప్రతి సర్వర్ దానిని అంగీకరించాలి. ఒక్క మజిలీ అంగీకరించకపోయినా, తెలుగు పేరు గల చిరునామాకు రాసిన ఉత్తరం ముందుకు సాగక తిరిగి రావలసిందే.

8. ముగింపు:
సెండ్‌మెయిల్ చరిత్ర నుంచి మూడు విషయాలు తేటపడతాయి. ఉత్తరం చేరడం అన్నది ముఖ్యంగా చిరునామా అన్వయానికి సంబంధించిన విషయం. నియమాలను యంత్రం నుంచి వేరుచేసి మార్చుకొనే వీలు కల్పించడం వల్లనే ఆ ప్రోగ్రాము ఎన్నో నెట్‌వర్క్‌ల మార్పులను తట్టుకొంది. అయితే ఏ వ్యవస్థ ఔదార్యమైనా దాని నిర్మాతలు ఊహించిన భేదాల వరకే విస్తరిస్తుంది. నెట్‌వర్క్‌ల భేదాన్ని వారు కళ్లారా చూశారు కనుక సూత్రాలు రాశారు. లిపుల భేదం వారి కంటికి ఆనలేదు కనుక దానికి చోటు ఉంచలేదు. ఆ లోటును తరువాత పూడ్చడం ఎంత శ్రమో, తెలుగులో ఈ-మెయిల్ చిరునామా పెట్టుకోదలచినవారికి నేటికీ అనుభవంలోకి వస్తూనే ఉంది. భాషా సాంకేతికతపై పనిచేసే పరిశోధకులు తెరపై కనిపించే ఖతులు, కీబోర్డులతో పాటు, ఇటువంటి కనిపించని మధ్యవర్తులలో దాగిన ఊహలనూ పరిశీలించడం అవసరం.