ఆరని చొక్కా, నిలబడని దండెం

విశాఖపట్నంలో కిరండూలు వెళ్ళే రైలెక్కి అరకు చూసి వచ్చినవాళ్ళకి ఈ సంగతి అనుభవమే. రైలు కదిలేటప్పుడు ఒళ్ళంతా చెమట. ఒకదాని తరవాత ఒకటిగా సొరంగాలు దాటి శిమిలిగూడ చేరేసరికి కిటికీలోంచి చల్లగాలి కొడుతుంది. ఆ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. కిలోమీటరు పైకి వెళితే గాలి వేడి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది మరి. వానాకాలంలోనైతే మబ్బు తునకలు రైలు పెట్టెలోకే వచ్చేస్తాయి. చుట్టపుచూపుగా వెళ్ళినవాళ్ళకి అది ముచ్చటే. కాని ఆ కొండల మీద రోజూ బట్టలు ఉతికి ఆరేసుకోవలసిన వాళ్ళ మాట వేరు.

అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి – ఇవన్నీ 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివి. ఇక్కడ ఆశ్రమ పాఠశాలలున్నాయి. దూరపు గూడేల నుంచి వచ్చిన గిరిజన బాలబాలికలు హాస్టల్లోనే ఉండి చదువుకుంటారు. వాళ్ళలో ఒక అబ్బాయికి రెండు జతల బట్టలున్నాయనుకోండి. జూలై నెల. నిన్న ఉతికిన జత ఇంకా చెమ్మగానే ఉంది. ఒంటి మీదున్న జత ఇవాళ వానలో తడిసింది. ఇప్పుడేం తొడుక్కోవాలి? చెమ్మబట్టే తొడుక్కుంటాడు. ఒక్కరోజైతే ఫరవాలేదు. రోజూ ఇదే వరసైతే గజ్జల్లోనూ చంకల్లోనూ తామర పట్టుకుంటుంది. తామరకి కారణం బూజు జాతికి చెందిన ఒక శిలీంధ్రం. చెమ్మ ఉన్నచోటే అది హాయిగా పెరుగుతుంది.

ఆ అబ్బాయికి ఒక మంచి దండెం కావాలి. ఓస్, దండెమేగా అనకండి. దాని వెనక భౌతికశాస్త్రం పుస్తకంలోని మూడు నాలుగు పాఠాలున్నాయి.

ముందు ఒక చిక్కుప్రశ్న. అరకులో జూలైకన్న డిసెంబరు చలిగా ఉంటుంది. అయినా ఎండ వచ్చిన డిసెంబరు రోజున ఆరేసిన చొక్కా సాయంత్రానికి ఆరిపోతుంది. జూలై చొక్కా మర్నాటికీ ఆరదు. వేడి ఉంటేనే నీరు ఆవిరవుతుందని గదా మనం చదువుకున్నది?

చదువుకున్నది నిజమే. కాని సగం నిజం. నీరు ఆవిరైతే సరిపోదు, ఆ ఆవిరికి గాలిలో చోటుండాలి. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక ఘనపు మీటరు గాలిలో 17.3 గ్రాముల నీటి ఆవిరి పడుతుంది. అంతకు మించితే మంచుగానో తుంపరగానో కిందికి దిగిపోతుంది. 30 డిగ్రీల వద్దయితే 30.4 గ్రాములు, 10 డిగ్రీల వద్ద 9.4 గ్రాములే. జూలైలో ఒకనాడు 20 డిగ్రీల వేడి ఉంది, తేమ 90 శాతం అనుకుందాం. అంటే 15.6 గ్రాముల చోటు అప్పటికే నిండిపోయింది. మిగిలిన చోటు 1.7 గ్రాములు. డిసెంబరులో ఒక మధ్యాహ్నం అదే 20 డిగ్రీల వేడి ఉండి, తేమ 50 శాతమే అయితే? ఖాళీ 8.6 గ్రాములు! అయిదు రెట్లన్నమాట. అందుకే చలికాలమైనా చొక్కా ఆరుతుంది.

ఇప్పుడు హాస్టల్లోకి వెళదాం. అయిదు జతల నూలు బట్టలు. పొడిగా ఉన్నప్పుడు అన్నీ కలిపి రెండున్నర కిలోలు. ఉతికి చేత్తో పిండిన నూలుబట్టలో ఇంచుమించు దాని బరువంత నీరు మిగిలి ఉంటుంది. అంటే మనం వదిలించుకోవలసిన నీరు 2,500 గ్రాములు. బయట జల్లు కొడుతోందని తలుపులు, కిటికీలు బిగించి గదిలో ఆరేశాం. గది 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. అందులో గాలి 60 ఘనపు మీటర్లు. ఒక్కొక్క ఘనపు మీటరులో ఖాళీ 1.7 గ్రాములు. హెచ్చవేసి చూడండి. 102 గ్రాములు! రెండున్నర కిలోల నీటిలో నూరు గ్రాములు పోయేసరికి గది గాలి నిండిపోయింది. ఇక బట్టలు రాత్రంతా వేలాడినా ప్రయోజనం లేదు. తెల్లారేసరికి ముక్కిన వాసన వేస్తాయంతే. ఆ నీరంతా పోవాలంటే అలాంటి గదులు పాతికింటిలో పట్టేంత గాలి కావాలి.

అంత గాలి ఎక్కడి నుంచి తేవడం? కిటికీ తెరిస్తే అదే వస్తుంది! బట్టల మధ్య సందు ఉండి, ముందు నుంచి చూస్తే ముప్పాతిక చదరపు మీటరుకి కొంచెం ఎక్కువ – 0.8 అనుకుందాం – మేర గాలికి దారి ఉందనుకోండి. సెకనుకి మీటరు వేగంతో వీచే చిరుగాలి చాలు, ఆ గాలంతా అరగంటలో దాటిపోతుంది. నిజానికి అరగంటలో ఆరవు. ప్రతి గాలి తరగా బట్టని తాకదు, తాకినది కూడా పూర్తిగా నిండే దాకా ఆగదు. అయినా గాలి కదిలితే గంటల్లో తేలే పని, కదలకపోతే రోజుల్లోనూ తేలదని లెక్క చెబుతోంది. వానాకాలంలో ఎండ మన చేతిలో లేదు. గాలికి దారి ఇవ్వడం మన చేతిలో ఉంది.

ఇంకొక మాట. 20 డిగ్రీల వద్ద ఒక గ్రాము నీటిని ఆవిరి చేయడానికి సుమారు 585 కాలరీల వేడి కావాలి. దాదాపు ఆరు గ్రాముల మంచునీటిని మరిగే స్థితికి తెచ్చేంత వేడి అది! బట్ట ఆ వేడిని తననుంచీ చుట్టూ ఉన్న గాలి నుంచీ లాక్కుంటుంది కాబట్టే తడిబట్ట ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. అందువల్ల పిండడంలో బద్ధకించకండి. ఇద్దరు చెరో కొస పట్టుకొని మెలిపెట్టి పిండితే, కారిన ప్రతి చుక్కకీ ఆ వేడంతా ఆదా.

నమ్మకం కుదరకపోతే ప్రయోగం చేసి చూడండి. ఒకే గుడ్డలోంచి మూడు సమానమైన ముక్కలు కత్తిరించండి. మూడింటినీ తడిపి, పిండి, త్రాసులో తూచండి. ఒకదాన్ని గాలి వీచే చోట విప్పి వేలాడదీయండి. రెండోదాన్ని నాలుగు మడతలు పెట్టి దాని పక్కనే వేయండి. మూడోదాన్ని మూత ఉన్న డబ్బాలో ఉంచండి. గంటకోసారి మళ్ళీ తూచి రాసుకోండి. నాలుగు మడతల గుడ్డ ఎంత వెనకబడిందో చూస్తే, దండెం మీద చొక్కా మీద చొక్కా వేయడం ఎందుకు తప్పో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ సూత్రం అరకు కాఫీ రైతులకి బాగా తెలుసు. అక్కడి కొండవాలుల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పండుతుంది. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పండు తోలు తీసి కడిగిన గింజల బరువులో సగం దాకా నీరే. దాన్ని పది పదకొండు శాతానికి దించాలి. లేకపోతే బూజు పట్టి సరుకంతా పాడవుతుంది. అప్పుడు ఏడాది కష్టం ఏమైనట్టు? గచ్చు మీద ఆరబోస్తే పైనుంచే గాలి తగులుతుంది. అందుకని చాలా చోట్ల నడుమెత్తున కర్రలతో బల్లలు కట్టి, పైన వల పరిచి, దాని మీద గింజల్ని పలచగా పోస్తారు. కిందినుంచీ పైనుంచీ గాలి ఆడుతుంది. మధ్యమధ్య చేత్తో కలియబెడతారు. బట్టలకి మనం కట్టబోయే దండెం ఈ కాఫీ బల్లకి తోబుట్టువే.

తాడు కడితే పోలేదా అంటారేమో. ఎండాకాలంలో పోతుంది. కాని తాడు సంగతి కొంచెం విచిత్రం. 4 మీటర్ల దూరంలో రెండు గుంజలు పాతి, తాడు బిగించి కట్టండి. మధ్యలో 3 కిలోల తడి దుప్పటి వేస్తే తాడు 10 సెంటీమీటర్లే కుంగిందనుకుందాం. అప్పుడు ఒక్కొక్క గుంజని తాడు ఎంత బలంతో లాగుతుందో ఊహించండి. కిలోన్నర కాదు, మూడు కిలోలూ కాదు, దాదాపు 30 కిలోలు! తాడు ఎంత అడ్డంగా ఉంటే పైకెత్తే బలం అంత తక్కువ, పక్కలకి లాగే బలం అంత ఎక్కువ. అదే తాడు 40 సెంటీమీటర్లు కుంగేలా వదులుగా కడితే లాగుడు 8 కిలోలకి దిగుతుంది. కాని అప్పుడు బట్టలన్నీ జారి మధ్యన కుప్పపడతాయి. బిగిస్తే గుంజ వాలుతుంది, వదిలితే గాలి ఆడదు. పైగా వరండాలో గుంజలెక్కడ పాతుతాం?

అందుకే కర్రలతో విడిగా నిలబడే దండెం కావాలి. నేను మొదటిసారి చేసినది ఇంగ్లీషు ‘టీ’ అక్షరం ఆకారంలో ఉండేది. నిట్టనిలువున ఒక కర్ర, పైన అటూ ఇటూ మీటరు చొప్పున చేతులు, కింద అటూ ఇటూ 40 సెంటీమీటర్ల పాదం. మొత్తం బరువు 4 కిలోలు. చూడడానికి బాగానే ఉంది. ఒక చేతి కొసన 3 కిలోల దుప్పటి వేయగానే దబ్బున కూలింది, బట్టలన్నీ బురదలో. తరవాత గాని లెక్క వేసుకోలేదు. దుప్పటి పాదం అంచుకి 60 సెంటీమీటర్లు బయట వేలాడుతోంది. 3ని 60తో హెచ్చిస్తే 180. దాన్ని ఆపవలసినది స్టాండు సొంత బరువు. అది అంచుకి 40 సెంటీమీటర్లు లోపల ఉంది. 4ని 40తో హెచ్చిస్తే 160. నూట ఎనభై నెగ్గింది! పిల్లలు సీసా ఆటలో బరువుకీ దూరానికీ చేసే బేరమే ఇది. పుస్తకంలో దీన్నే బల భ్రామకం అంటారు.

ఇప్పుడు ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం ఆకారం ఆలోచించండి. ఒకటి ఎనభై – అంటే 180 సెంటీమీటర్ల – వెదురు కర్రలు నాలుగు తీసుకోండి. రెండేసి కర్రల్ని పై కొసకి 10 సెంటీమీటర్ల కింద కత్తెర లాగ దాటించి కట్టండి. కింద పాదాలు మీటరు దూరం ఉండేలా తెరవండి. ఇలాంటి కత్తెరలు రెండు. వాటి పైన ఏర్పడిన పంగల్లో మీటరున్నర వెదురు ఒకటి పడుకోబెట్టి కట్టండి. అక్కడి నుంచి కాళ్ళ వెంబడి 55 సెంటీమీటర్ల కింద ఒక జత అడ్డకర్రలు, మరో 55 కింద ఇంకో జత. మొత్తం అయిదు అడ్డకర్రలు, అంటే ఏడున్నర మీటర్ల దండెం.

కాళ్ళు ఏటవాలుగా ఉన్నాయి గనక ఒక్కొక్క వరస పైవరస కన్నా 16 సెంటీమీటర్లు బయటికి ఉంటుంది. పై చొక్కా నీళ్ళు కింది లాగు మీద పడవు. రెండింటి మధ్య గాలి పోతుంది. అన్నిటికన్న ముఖ్యం, చిట్టచివరి అడ్డకర్ర కూడా పాదాలకి లోపలే ఉంది. ఒకవైపునే బరువంతా వేసినా అది పాదాల బయటికి పోదు. కాబట్టి బరువుకి ఈ దండెం పక్కకి పడదు. విసురుగాలికి పడవచ్చు. అలాంటప్పుడు వరండా స్తంభానికి కట్టుకోవాలి.

అయితే ఇది ఇంకా పూర్తి కాలేదు. పాదాలు నున్నటి గచ్చు మీద విడిపోతూ ఉంటాయి. ఎదురెదురు పాదాల మధ్య మీటరు తాడు కట్టండి. దాంతో త్రిభుజం మూతపడింది. త్రిభుజానికి ఒక గొప్ప గుణం ఉంది. మూడు భుజాల పొడవు మారకుండా దాని ఆకారం మారదు. చీపురు పుల్లలు మూడు దారంతో కట్టి నొక్కి చూడండి. నాలుగు పుల్లలు కట్టి నొక్కితే వెంటనే ఓరగా వాలిపోతుంది. మన దండెం పొడుగు వైపు నుంచి చూస్తే కనిపించేది ఆ నాలుగు పుల్లలే! అందుకని ఆ వైపు మూల నుంచి మూలకి రెండు తాళ్ళు అడ్డంగా దాటించి బిగించాలి. ఒకటి చాలదా? చాలదు. కర్రయితే లాగినా నెట్టినా ఓర్చుకుంటుంది. తాడు లాగడానికే పనికొస్తుంది, నెడితే వంగిపోతుంది. కుడికి వాలకుండా ఒక తాడు, ఎడమకి వాలకుండా ఒక తాడు. ఎదుటి వైపుకూ అలాగే కడితే మరీ మంచిది.

అడ్డకర్ర మీటరున్నరే ఎందుకు, మూడు మీటర్లు పెడితే ఇంకా ఎక్కువ బట్టలు పడతాయి గదా అని ఎవరైనా అడగవచ్చు. అంతే లావు కర్ర పొడవు రెట్టింపు చేసి, మధ్యలో అదే బరువు వేలాడదీస్తే, కర్ర రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు వంగుతుంది.

వెదురుకి మేకు కొట్టవద్దు. దాని నారలన్నీ నిలువునా ఒకే వరుసలో ఉంటాయి. మేకు దిగితే కర్ర చీలుతుంది, పైగా మేకు తుప్పు మరక చొక్కాకి అంటితే వదలదు. కణుపుకి దగ్గరగా తాడుతో కట్టాలి. కట్టు జారకుండా కణుపు అడ్డుకుంటుంది. కొబ్బరి తాడైనా సరే, ఆ కొండల్లో దొరికే అడ్డాకు తీగ నారతో పేనిన తాడైనా సరే. పచ్చివెదురులో పిండిపదార్థం ఉంటుంది, దానికోసం పురుగు తొలుస్తుంది. కొన్ని వారాలు వాగునీటిలో నానబెట్టి నీడన ఆరబెట్టిన వెదురు ఎక్కువ కాలం మన్నుతుంది. ముళ్ళు, పెచ్చులు గీకి నునుపు చేయకపోతే బట్ట చిరుగుతుంది.

దండెం ఎక్కడ పెట్టాలి? వరండా మూలన కాదు, గాలి వచ్చే కొసన. దాని పొడుగు గాలి దిశలో ఉండాలి. అప్పుడు గాలి బట్టల వరసల మధ్య నుంచి కాలవలో నీరులా పారుతుంది. అడ్డంగా పెడితే ముందు వరస తెరలా ఆపేస్తుంది, వెనక వరసకి మిగలదు. త్వరగా ఆరాలని పొయ్యి దగ్గరికి మాత్రం జరపకండి. వెచ్చటి గాలిలో ఆవిరికి చోటు ఎక్కువే, కాని ఒక్క నిప్పురవ్వ చాలు.

బట్టలు వేసే ముందు ఒక పరీక్ష చేయండి. ఒక కింది అడ్డకర్ర మధ్యలో సగం నీళ్ళున్న బకెట్టు వేలాడదీసి, పై కర్ర కొస పట్టుకొని మెల్లగా అటూ ఇటూ ఊపండి. పొడుగు వైపు ఊగితే మూలతాళ్ళు వదులుగా ఉన్నట్టు. కాళ్ళు విడిపోతుంటే పాదాల తాడు బిగించాలి. ఏదీ కదలకపోతే బకెట్టు దించి, బరువైన లాగులు కింది వరసలకి, చొక్కాలు పై వరసకి, ఒక్కొక్క దాని మధ్య నాలుగు వేళ్ళ సందు ఉంచి ఆరేయండి.