వార్తల్లో పదం: ఓపెన్ స్కూల్ గుర్తింపు

తిరుపతిలోనో చిత్తూరులోనో ఇంటిపట్టునే చదువుకునే పిల్లలకు పదో తరగతి దగ్గర చిక్కొస్తుంది. చదువు వచ్చిందని ఎవరు రాసివ్వాలి? అందుకే 1989లో కేంద్రం నెలకొల్పిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ (ఎన్‌ఐఓఎస్‌), మన ఏపీ సార్వత్రిక విద్యాపీఠం ఉన్నాయి. 14 ఏళ్లు నిండితే పదిలో చేరవచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో ఐదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్ష రాయొచ్చు. పాసైన సబ్జెక్టు మార్కులు అలాగే ఉంటాయి, తప్పినదొక్కటే మళ్లీ రాస్తే చాలు. లెక్కలంటే బెదిరే పిల్లకు ఇదెంత ఊరటో! వీటి ఇంటర్ సర్టిఫికెట్ ఎస్వీ యూనివర్సిటీ పరిధిలో డిగ్రీకీ, ప్రభుత్వ ఉద్యోగాలకూ పనికొస్తుంది. వైద్య ప్రవేశ పరీక్ష నీట్‌ రాసే అర్హత ఉందని మాత్రం కోర్టుల చుట్టూ తిరిగి 2024లో సుప్రీంకోర్టులో తేలింది. పిల్లలు అన్నేళ్లు ఎదురుచూడాల్సి రావడం అన్యాయం. అయితే గుర్తింపు లేని బోర్డుల పేరిట సర్టిఫికెట్లు అమ్మేవాళ్లున్నారు. ఫీజు కట్టేముందు ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో తప్పక సరిచూసుకోండి.