బీరువాలో కెమెరా ఉందా... బయటికి తీయండి!

మా నాయనమ్మ పోయిన రోజు, పటం కట్టించాలని ఇల్లంతా వెతికాం. ఎనభై ఏళ్లు బతికిన మనిషి... సరిగ్గా ఒక్క ఫోటో లేదు! చివరికి ఎవరిదో పెళ్లి గ్రూప్ ఫోటోలో, నలుగురి వెనక సగం ముఖం కనిపించింది. స్టూడియో వాళ్లు దాన్నే పెద్దది చేసి ఇచ్చారు. ఆ మసక పటం చూసి పిల్లలు ఇప్పటికీ 'ఈమె ఎవరు?' అని అడుగుతుంటారు.

ఆ వెలితి మనసులో ఉండబట్టే, బోధన్‌కు కోడలిగా వచ్చాక చీటీ డబ్బులు చేతికందగానే ఓ చిన్న డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా కొనుక్కున్నాను. తొలి బతుకమ్మకే తల కొట్టేసినంత పనైంది! వీధి దీపాల కింద చప్పట్లు చరుస్తూ తిరుగుతున్న ఆడవాళ్లంతా నా ఫోటోల్లో రంగుల చారలుగా మిగిలారు. పక్కింటి పిల్ల ఫోన్‌లో తీసినవేమో మెరిసిపోతున్నాయి. "గన్ని పైసలు పెడితివి, గిదేంది బిడ్డా?" అంది అత్తమ్మ. అంతే, కెమెరా చీరల కిందికి వెళ్లిపోయింది. ఆర్నెల్లు!

తప్పు కెమెరాది కాదు, దాని తీరు తెలియకపోవడం నాది. కొనాలనుకునేవాళ్లకు, కొని దాచేసినవాళ్లకు పనికొస్తుందని ఆ సంగతులు చెబుతున్నాను.

బలాలు ఇవీ...

కొత్తవాళ్ల కోసమని వచ్చిన వాటిలో ఎక్కువగా కనిపించేవి రెండు. కెనాన్ 1500డీ, నికాన్ డీ3500. రెండూ 2018లో వచ్చినవే. రెండూ 24 మెగాపిక్సెళ్లవే. అయితే బొమ్మ బాగుండటానికి మెగాపిక్సెళ్ల లెక్క ఒక్కటే చాలదు. వెలుతురును పట్టే సెన్సర్ సైజు ముఖ్యం. వీటిలో సెన్సర్ సుమారు 22-24 మిల్లీమీటర్ల వెడల్పు, 15 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. చాలా ఫోన్లలో ఉండేదానికన్నా ఇది కొన్ని రెట్లు పెద్దది. పెద్ద సైజులో ప్రింటు వేయించినప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

రెండో సుగుణం, కంటికి ఆనించి చూసే కిటికీ. లెన్స్‌లోంచి వచ్చే దృశ్యాన్ని లోపలి అద్దం నేరుగా మన కంటికి చూపిస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం నిజాంసాగర్ కట్ట మీద నిలబడితే ఫోన్ తెర మీద ఏమీ కనిపించదు. ఈ కిటికీలో మాత్రం అంతా స్పష్టమే. పైగా బ్యాటరీ కూడా ఆదా. ఒక్క చార్జింగ్‌తో 1500డీ సుమారు 500, డీ3500 సుమారు 1,550 ఫోటోలు తీస్తాయని కంపెనీల లెక్క.

మూడోది, లెన్సులు మార్చుకునే వీలు. కెమెరాతో వచ్చే 18-55 లెన్స్ గుడి గోపురానికీ, ఇంట్లో మనుషులకూ సరిపోతుంది. డిచ్‌పల్లి రామాలయం శిల్పాలు తీయాలన్నా మొదట ఇది చాలు.

లోటుపాట్లూ ఉన్నాయి

ఆ 18-55 లెన్స్ చీకట్లో తడబడుతుంది. జూమ్ పూర్తిగా లాగితే దాని ద్వారం ఎఫ్ 5.6కు మించి తెరుచుకోదు. అదే 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్ అయితే దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి రానిస్తుంది. మరి ఫోన్‌కు ఎలా సాధ్యం అంటారా? అది కన్ను మూసి తెరిచేలోగా చాలా ఫోటోలు తీసి, కలిపి ఒకటి చేసి ఇస్తుంది. ఈ కెమెరాలు ఆ పని చేయవు. మనమే చేయాలి!

1500డీలో ఫోకస్ బిందువులు తొమ్మిదే. నడి బిందువు ఒక్కటే బాగా చురుకు. వీడియో ఫుల్ హెచ్‌డీ వరకే, 4కే లేదు. రెండింటికీ విడిగా మైకు పెట్టుకునే వీలు లేదు. వంటల వీడియోలు తీద్దామనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి. లెన్స్‌తో కలిపితే బరువు అర కిలో దాటుతుంది. చంటిపిల్లను ఎత్తుకుని పండక్కి వెళ్లేటప్పుడు అదీ భారమే.

ఇంకో మాట. 2020 తర్వాత ఈ రెండు కంపెనీల నుంచి కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడల్ రాలేదు. అద్దం లేని 'మిర్రర్‌లెస్' కెమెరాల వైపు వెళ్లిపోయాయి. డీ3500 తయారీ కూడా ఆగిపోయింది. అలాగని ఉన్నవి పాడైపోవు కదా! చేతులు మారిన కెమెరాలు, లెన్సులు తక్కువకే దొరుకుతాయి. కొనేముందు లెన్స్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. లోపల సాలెగూడులాంటి మరకలుంటే అది బూజు. తీసుకోవద్దు.

ఇలా చేసి చూడండి

* బతుకమ్మ ఆటకు షట్టర్ వేగం 250వ వంతు సెకను, ఐఎస్‌వో 3200 దగ్గర పెట్టండి. కొంచెం గరుకుగా వచ్చినా ఫర్వాలేదు, చారలు రావు. అయినా చీకటిగా ఉంటే 50 లెన్స్ ఒక్కటి తెచ్చుకోండి.
* ఆరబోసిన పసుపు రాశి ఫోటోలో పాలిపోతోందా? వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి 'డేలైట్'కు మార్చండి.
* చెరుకు బండ్ల దారిలో, పసుపు కళ్లాల దగ్గర దుమ్ములో లెన్స్ మార్చకండి. తప్పనిసరైతే కెమెరా ఆపేసి, మూతి కిందికి వంచి మార్చండి.
* చీరల మధ్య దాచడం అన్నిటికన్నా చేటు. గాలి, వెలుతురు తగలక వానాకాలంలో లెన్స్‌కు బూజు పడుతుంది. గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. వారానికోసారి తీసి వాడండి.

ఎవరికి? ఎవరికి వద్దు?

పిల్లల ఫోటోలు అప్పటికప్పుడు చుట్టాలకు పంపడమే మీకు కావలసిందైతే, ఫోన్ చాలు. నలభై వేలు దండగ చేసుకోకండి. నేర్చుకోవాలని ఉంటే, పేరంటాలకూ బారసాలలకూ ఫోటోలు తీసి నాలుగు రూపాయలు సంపాదించాలని ఉంటే... మొదలుపెట్టడానికి ఇది మంచి బడి.

1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచారు. ఘోషా స్త్రీల ఫోటోలు తీసే బాధ్యతను అక్కడ ఓ ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఈ రోజు మనకు అంత ఏర్పాటు అక్కర్లేదు. కెమెరా మన ఇంట్లోనే ఉంది.

మొన్న వేసవిలో ఓ పొద్దున అత్తమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. "నన్నేం తీస్తవ్, ముసల్దాన్ని!" అంటూనే కొంగు సర్దుకుంది. షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచినప్పటి చెరుకు వాసన గురించి చెప్పమన్నాను. మాటల్లో పడి కెమెరాను మర్చిపోయింది. అప్పుడు నొక్కాను. ప్రింటు చేతికిచ్చాక చాలాసేపు చూసుకుంది. "నేనింత మంచిగున్ననా?" అంది.

ఈ ఆదివారం మీరూ కెమెరా బయటికి తీయండి. ఇంట్లో అందరికన్నా పెద్దామెతో మొదలుపెట్టండి.