మంచుబండికి కొత్త స్కీలు

సియాచిన్‌లో మన సైనికులు, గుల్‌మార్గ్‌లో పర్యాటకులు ఎక్కే మంచుబండిని, అంటే స్నోమొబైల్‌ను, మనం ఫొటోల్లో చూసే ఉంటాం. వెనుక రబ్బరు పట్టా దాన్ని ముందుకు తోస్తుంది. ముందున్న రెండు స్కీలు మలుపు తిప్పుతాయి. వాటి పట్టు పోతే హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది. ఎదురుగా చెట్టుంటే అంతే సంగతులు!

మరి కొత్తవి ఎలా ఎంచుకోవాలి? కెనడాలో చదును చేసిన బాటల మీదా, బాట దిగి మెత్తని మంచులోనూ తిరిగేవారికే అసలు చిక్కు. మెత్తని మంచులో సన్నని స్కీ కూరుకుపోతుంది. వెడల్పాటిది బరువును పరచి, ఇసుకలో ఒంటె పాదంలా తేలుతుంది. కానీ బాట మీద అదే వెడల్పు హ్యాండిల్‌ను బరువెక్కిస్తుంది. బాటకు సుమారు 6 అంగుళాలు, లోతు మంచుకు 8 అంగుళాలు వాడతారు. రెండూ కావాలంటే 7 దగ్గర ఆగడమే మేలని మాకు తోస్తుంది.

స్కీ అడుగున పడవకు ఉన్నట్టే పొడవాటి వెన్ను ఉంటుంది, దాని పేరు కీల్. అది లోతుగా ఉంటే పట్టు బాగుంటుంది, చేతులు మాత్రం నొప్పెడతాయి. దాని కింద కార్బైడ్ అతికిన ఉక్కు కడ్డీ బిగిస్తారు. గడ్డకట్టిన మంచును కోసేది అదే. చాలాసార్లు అరిగేదీ అదే, కాబట్టి ముందు దాన్ని చూడాలి. కడ్డీ మారిస్తే సరిపోయేచోట స్కీలు కొనడం దండగ. ఎడ్లబండి చక్రం పాత గాడిలో పడ్డట్టు, ముందు వెళ్లిన బండి గాడిలోకి స్కీ లాగేయడం ఇంకో బాధ. రెండు కీల్‌ల స్కీలు దాన్ని తగ్గిస్తాయి.

బిగించే చోటి కొలత, మధ్యలో పెట్టే రబ్బరు దిమ్మ తమ బండికి సరిపోతాయో లేదో కొనేముందే చూసుకోవాలి. రెండు స్కీలనూ ఒకేసారి మార్చాలి.