బిడ్డల భాష నేర్చిన పంతులు

పాతపట్నం: ఇక్కడికి కూతవేటు దూరంలోనే పర్లాకిమిడి. ఇటు ఆంధ్ర, అటు ఒడిశా. రెండు ఊళ్లలోనూ తెలుగు, ఒడియా కలిసే వినిపిస్తాయి. కొండల నుంచి చీపుళ్లు, చింతపండు, పసుపు దింపుకొని సంతకు వచ్చే సవరలు ఇంట్లో సవర మాట్లాడతారు. బేరం మాత్రం తెలుగులోనో, ఒడియాలోనో తెంచుతారు. బడి గడప తొక్కని ముసలమ్మ సైతం పరాయి భాషలో పైసా పోకుండా బేరమాడి వెళుతుంది.

అదే ఇంటి బిడ్డ ఒకటో తరగతిలో కూర్చోగానే నోరు మెదపడు. వాడికి చెట్టూ తెలుసు, పిట్టా తెలుసు, ఏ వానకు ఏ విత్తనం వేస్తారో కూడా తెలుసు. తెలియనిదల్లా వాటికి పుస్తకంలో ఉన్న పేర్లు. వాడి ఇంట్లో నీళ్లను ‘డా’ అంటారు. బల్ల మీది వాచకంలో ‘నీరు’ అని ఉంటుంది. అడిగినది అర్థం కాక ఊరుకున్న పిల్లవాడికి ‘మొద్దు’ అనే పేరు పడుతుంది. కొన్నాళ్లకు వాడు బడి మానేసి మేకల వెంట పోతాడు.

సవర అంటే చెడిపోయిన తెలుగు అని మైదానంలో కొందరనుకుంటారు. అది పొరపాటు. తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందినది. సవర ముండా కుటుంబానికి చెందినది. దాని చుట్టరికం సంతాలీ వంటి భాషలతో. మాటలు వేరు, వాక్యం అల్లిక వేరు, చివరకు లెక్క కూడా వేరు.

పన్నెండూ ఒకటి

తెలుగులో పదమూడు అంటే పదీ మూడూ. సంప్రదాయ సవర లెక్కలో పదమూడు అంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడు. ముప్పై తొమ్మిది అంటే ఇరవై, పన్నెండు, ఏడు. డజన్ల లెక్కన అరటిపళ్లు అమ్మేవారికి ఇదేమీ వింత కాదు.

ఈ సంగతి తెలియని మాస్టారికి పిల్లవాడి జవాబు తప్పుగా తోస్తుంది. తెలిసిన మాస్టారు గుప్పెడు చింతపిక్కలు తీసుకుంటారు. పన్నెండు పిక్కలు ఒక కుప్ప, పక్కన ఒక్క పిక్క. ఇది ఇంటి లెక్క. కుప్పలోంచి రెండు తీసి ఆ ఒక్కదానితో కలిపితే పదీ మూడూ. ఇది బడి లెక్క. పిల్లవాడు తన లెక్క పోగొట్టుకోకుండానే రెండోది నేర్చుకుంటాడు.

గిడుగు వారి రెండో కృషి

ఈ దారి మొదట చూపినవారు మన జిల్లా వారే. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లోని సవరలకు చదువు లేకపోవడం ఆయన మనసుకు పట్టింది. చదువు చెప్పాలంటే ముందు వాళ్ల భాష తనకు రావాలనుకున్నారు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకొని ఆ భాష నేర్చుకున్నారు. సవరలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలు ఇచ్చారు.

కొండల్లో తిరిగినందుకు ఆయనకు మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల వచ్చిన చెవుడు జీవితాంతం మిగిలిపోయింది. అయినా పని ఆపలేదు. ఆయన ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణాన్ని 1931లోనూ, సవర నిఘంటువును 1938లోనూ మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరడంతో ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. 1940లో కన్నుమూశారు.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని బడుల్లో ఆయన పటానికి దండ వేస్తారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. సవర బడుల సంగతి తలచేవారు తక్కువ. నిజానికి ఆ రెండూ ఒకే పని. తెలుగు బిడ్డకు గ్రాంథికం గుదిబండ కాకూడదన్నారు. సవర బిడ్డకు తెలుగు గుదిబండ కాకూడదన్నారు. పిల్లవాడికి తెలిసిన మాటతో చదువు మొదలుపెట్టాలన్నదే ఆయన పట్టు.

ఇంగ్లీషు వెనకబడుతుందా?

మాతృభాషలో ప్రాథమిక విద్యకు వీలు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతోంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కొండ, గోండి, కోయ, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అనే 8 భాషల్లో 240 బడులలో బహుభాషా బోధన మొదలైంది. వాచకాలు ఆయా భాషల్లో, తెలుగు లిపిలో వచ్చాయి. సవర చదవడానికి నేర్చిన ‘అ ఆ’లే రేపు తెలుగు చదవడానికీ పనికి వస్తాయి. ముందు ఇంటి భాష, ఏటేటా తెలుగు పాలు పెంచుతూ అయిదో తరగతికి తెలుగు చదువులో కలపడం ఆ పథకం పద్ధతి. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలంది.

అయితే తల్లిదండ్రులకు ఒక దిగులుంది. కొండభాషలో చదివిస్తే తెలుగు ఎప్పుడు వస్తుంది, ఇంగ్లీషు ఎప్పుడు వస్తుంది అని. ఈ దిగులు కొట్టిపారేయదగినది కాదు. ఉద్యోగం, ఆసుపత్రి, కోర్టు అన్నీ ఆ రెండు భాషలతోనే ముడిపడి ఉన్నాయి. కానీ చదవడం అనే విద్య ఒక్కసారి ఒక భాషలో పట్టుబడితే చాలు. మాటను అక్షరాల్లోకి విడదీయడం, చదివిన దాని భావం పట్టడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కరలేదు. అర్థం కాని భాషలో అక్షరాలు బట్టీపట్టిన పిల్లవాడికి ఏ భాషా నిలవదు.

మైదానపు బడికీ ఇందులో పాఠం ఉంది. పక్క బల్ల మీది సవర పిల్లవాణ్ణి చూసి నవ్వే పిల్లలు, వాడి నోట రోజుకో మాట నేర్చుకుంటే వాడికి తెలుగు వస్తుంది, వీళ్లకు సవర వస్తుంది. మాస్టారు సైతం ముందు పది మాటలతో మొదలుపెట్టవచ్చు. గిడుగు వారు కూడా ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని మాటామాటా అడిగే మొదలుపెట్టారు.