ఈతలా కనిపించే సైకాస్

హైదరాబాద్‌లోని ఛత్రినాక, లాల్ దర్వాజా, గౌలిపుర గల్లీల్లో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. పెరటికి చోటు తక్కువ. అక్కడ పచ్చదనమంతా గుమ్మం పక్క కుండీల్లోకి, మేడ మీదికి చేరుతుంది. తులసి, కలబంద, మనీప్లాంట్‌ల నడుమ ఒక్కోసారి పొట్టి మొద్దు, దాని నెత్తిన గుండ్రంగా పరుచుకున్న ముదురాకుపచ్చ మట్టలు ఉన్న మొక్క కనిపిస్తుంది. చూసినవాళ్లు ఈత మొక్కనో, విదేశీ తాటి జాతో అనుకుంటారు. నర్సరీవాళ్లు సైకాస్ అని అమ్మేది దీన్నే. ఈతతోగానీ కొబ్బరితోగానీ దీనికి దగ్గరి చుట్టరికం లేదు.

ఈత, తాటి, కొబ్బరి పూత పూసి కాయలు కాస్తాయి. సైకాస్‌కు పువ్వూ లేదు, కాయా లేదు. గింజ ఏ పండులోనూ దాగకుండా బయటికే కనిపిస్తుంది. బడి పుస్తకాల్లో వివృత బీజాలు అని చదువుకున్న గుంపు ఇదే. దేవదారు, పైన్ కూడా ఇందులోవే. ఈ వంశం చాలా పాతది. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది. ఆ రాక్షసబల్లి తిరిగిన జురాసిక్ కాలంలో సైకాస్ వర్గపు మొక్కలు భూమ్మీద విరివిగా పెరిగేవి. నేడు మన ముందున్న జాతుల్లో చాలావరకు అంత పాతవి కావు, వంశం మాత్రం అదే.

మన కుండీల్లో ఎక్కువగా కనిపించేది సైకాస్ రెవల్యూటా. పుట్టిల్లు దక్షిణ జపాన్, ర్యుక్యూ దీవులు. 1782లో కార్ల్ తున్‌బెర్గ్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. దీన్ని గుర్తుపట్టాలంటే ముందు మొద్దును చూడాలి. రాలిన మట్టల మొదళ్లు అంటుకొని ఉండటంతో అది గరుకుగా ఉంటుంది. అడుగున పిలకలు వస్తుంటాయి. పెరుగుదల మహా నెమ్మది. మనిషి ఎత్తు అందుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

తర్వాత మట్ట. కాడకు రెండు పక్కలా, మొదలు వైపు, చిన్న ముళ్లు ఉంటాయి. పైన సన్నని, బిరుసైన పత్రకాలు రెండు వరుసల్లో ఉంటాయి. కొనలు గుచ్చుకుంటాయి. ఒక పత్రకాన్ని తిప్పి చూస్తే అంచులు కిందికి ముడుచుకొని కనిపిస్తాయి. అసలు పరీక్ష ఇక్కడే ఉంది. పత్రకాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే నడుమ ఒకే ఒక మందపాటి ఈనె ఉంటుంది, పక్క ఈనెలు ఉండవు. ఈతాకులో అయితే నిలువుగా చాలా గీతలు కనిపిస్తాయి. పైగా ఈత పత్రకం నడిమికి మడతపడి ఉంటుంది.

చిగురించే తీరూ వేరు. ఈత, కొబ్బరి మొవ్వులోంచి ఆకులు ఒకటొకటిగా వస్తాయి. సైకాస్ చాలాకాలం కదలకుండా ఉండి, ఒక్కసారిగా మట్టల గుత్తినంతా విప్పుతుంది. ఆ లేత మట్టల మీద ప్రతి పత్రకమూ గడియారం స్ప్రింగులా చుట్టుకొని ఉంటుంది. ఆ కొద్ది రోజుల్లో చూసినవాళ్లు ఇంకే మొక్కగానూ పొరబడరు.

సైకాస్‌లో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. ముదిరిన మగ మొక్క నడుమ నిలువుగా పొడవాటి శంకువు వస్తుంది. ఆడ మొక్కకు శంకువు ఉండదు. గోధుమరంగు నూగుతో, ఈకల్లా చీలిన చిన్న ఆకులు గుండ్రంగా గుమిగూడతాయి. వాటి అంచుల్లో నారింజ ఎరుపు గింజలు తేలతాయి. ఈ మొక్క పురుష బీజకణాలు ఈదగలవని 1896లో జపాన్ శాస్త్రవేత్త సెయిచిరో ఇకెనో కనిపెట్టాడు. గింజల మొక్కల్లో ఇలాంటివి సైకాస్ వర్గంలోనూ గింకో చెట్టులోనూ తప్ప ఇప్పుడు ఎక్కడా లేవు.

నర్సరీల్లో దీని పక్కనే మరో చుట్టం కనిపించవచ్చు. మెక్సికో నుంచి వచ్చిన జేమియా అది. పత్రకాలు వెడల్పుగా, దళసరిగా, అట్టముక్కను తాకినట్టు ఉంటాయి. వాటికి నడి ఈనె ఉండదు.

ఇంత వివరంగా గుర్తుపట్టడం ఎందుకంటే, సైకాస్ విషపు మొక్క. ఆకు నుంచి గింజ దాకా అన్నిట్లో సైకాసిన్ ఉంటుంది. గింజల్లో మరీ ఎక్కువ. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నమిలిన కుక్కలు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. పిల్లలు పాకే ఇంట్లో, పెంపుడు జంతువులున్న ఇంట్లో కుండీ అందనంత దూరంలో ఉండాలి. దీనికి సాగో పామ్ అని కూడా పేరు. అయినా మనం పాయసం చేసుకునే సగ్గుబియ్యం దీని నుంచి రాదు, పెద్దాపురం, సామర్లకోట వైపు మిల్లుల్లో కర్రపెండలం నుంచి తయారవుతుంది.

రెండో కారణం శేషాచలం కొండల్లో ఉంది. తిరుపతి, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని సైకాస్ బెడ్డోమీ అక్కడిది. స్థానికంగా పేరీత అంటారు. మద్రాసు అటవీ శాఖ అధికారి రిచర్డ్ బెడ్డోమ్ పేరును 1883లో దీనికి పెట్టారు. సన్నని పత్రకాలు, ముడుచుకున్న అంచులతో అచ్చం కుండీ సైకాస్‌లాగే ఉంటుంది. తేడా తెలిసేది ఆడ మొక్క దగ్గర: రెవల్యూటాలో గింజలు మోసే ఆకు ఈకలా లోతుగా చీలి ఉంటే, బెడ్డోమీలో ఆ ఆకు వెడల్పుగా ఉండి అంచున పళ్లు మాత్రమే ఉంటాయి.

మందు కోసం మగ శంకువులను కోసుకుపోవడం ఈ జాతిని దెబ్బతీసింది. మగ శంకువు పోతే పుప్పొడి లేదు, పుప్పొడి లేకపోతే ఆడ మొక్కకు గింజ లేదు. వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ ఈ మొక్కను అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చింది; సైకాస్ వర్గంలోని చాలా మొక్కలు రెండో అనుబంధంలో ఉన్నాయి. 2010లో శేషాచలం జీవావరణ రిజర్వు అయింది. సైకాస్ కొనేవాళ్లు అది నర్సరీలో గింజ నుంచో పిలక నుంచో పెంచిందా అని అడగాలి. ముదురు మొద్దుతో, తెగిన వేళ్లతో, ఎక్కడిదో చెప్పకుండా అమ్మే మొక్కను కొనకూడదు.