డోలు భుజానికెత్తే ముందు మేళాన్ని చూడాలి
ఒగ్గు డోలు నేర్చిన కుర్రాళ్లు తొలుత ఏ బృందంలో చేరాలి?

జనగామ: సంక్రాంతి వచ్చిందంటే కొమురవెల్లి దారి పసుపు పులుముకుంటుంది. మల్లన్న జాతర మొదలై ఉగాది వరకు ఆదివారం ఆదివారం సాగుతుంది. గుట్ట కింద ఎటు చూసినా బోనాలు, బండారి, డోళ్ల మోత. ఆ మోత వింటే కురుమ, గొల్ల పిల్లల కాళ్లు నిలవవు. ఇంట్లో పళ్లెం మీద దరువు మొదలుపెట్టి, తాత డోలు అందుకుని నాలుగు దరువులు పట్టుకున్న కుర్రాడు ఇక మేళంలో నిలబడాలని ఆరాటపడతాడు. ఏ మేళంలో అన్నదే చిక్కు. బాగా పేరున్న బృందం వెంటపడి పోతే అక్కడ ఏడాదంతా డోళ్లు మోయడం, బండి ఎక్కించడం, దించడంతోనే సరిపోవచ్చు. ఇటు చదువు పోయి, అటు విద్యా రాక కుర్రాడు రెంటికీ చెడవచ్చు. అందుకే మేళం పెద్దలు కుర్రాడిని పరీక్షించే ముందే, కుర్రాడూ అతని తల్లిదండ్రులూ మేళాన్ని పరీక్షించుకోవడం మంచిది.

కథ మేళం, ఆట మేళం

ఒగ్గు అంటే శివుని చేతి డమరుకం. దాన్ని పట్టి మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పేవారు ఒగ్గు కథకులు. కథ మేళంలో మనుషులు కొద్దిమందే. ప్రధాన కథకుడు నడిపిస్తుంటే పక్కవారు వంత పాడతారు, వెనక డోలు, తాళాలు మోగుతాయి. కథ రాత్రంతా సాగుతుంది. ఈ కథను ఊరి గుడి ముంగిలి నుంచి దేశం ముందుకు తీసుకుపోయిన చుక్క సత్తయ్య మన లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం వాసి. ఆయనకు 2014 సంవత్సరపు సంగీత నాటక అకాడమీ అవార్డు లభించింది. 2017లో కన్నుమూశారు. వేములవాడ ప్రాంతంలోని హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు కూడా ఈ విద్యతోనే పేరు పొంది, 2010లో మరణించారు.

కథకు వెనక నిలిచిన డోలు తర్వాత తానే ముందుకు వచ్చింది. పదిమంది, ఇరవైమంది, ఇంకా ఎక్కువమంది డోళ్లు కట్టుకుని వరుసలు కట్టడం, గుండ్రంగా తిరగడం, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడడం ఇప్పుడు ఒగ్గు డోలు విన్యాసంగా ప్రసిద్ధి పొందింది. జాతరలకు, ఆషాఢంలో జంటనగరాల బోనాలకు, సభలకు, పెళ్లి ఊరేగింపులకు ఈ బృందాలను పిలుస్తున్నారు. పల్లెల్లో వీటిని ఆట మేళం అనుకోవచ్చు.

ఈ రెంటిలో మొదట దేనిలో చేరాలన్నది కుర్రాడి కోరికను బట్టి వుంటుంది. ఆట మేళంలో కొత్తవాడికి త్వరగా చోటు దొరుకుతుంది, పైసలు కూడా త్వరగా కనబడతాయి. ఇంటి అవసరం వున్నవాడు అటు పోవడంలో తప్పు లేదు. అయితే అక్కడ వాయించేవి ఊరేగింపుకు పనికివచ్చే కొద్ది దరువులే. కథ మేళంలో కథకుడు ఊపిరి తీసుకునే చోట డోలు ఎలా తగ్గాలో, యుద్ధం వచ్చినచోట ఎలా లేవాలో, ఏడుపు వచ్చినచోట ఎలా ఆగాలో తెలుస్తుంది. కథ మేళంలో రెండు వేసవులు గడిపినవాడు ఆట మేళంలో ఇట్టే కుదురుకుంటాడు. ఆట మేళం నుంచి కథకు రావడం అంత సులువు కాదు. దగ్గరి ఊళ్లో కథ మేళం వుంటే, పైసలు తక్కువైనా తొలి అడుగు అక్కడ వేయడం మేలు.

మూడోది కళాశాల, యువజన సంఘాల జట్టు. ఏటా వివేకానందుని జయంతి జనవరి 12న జరిగే జాతీయ యువజనోత్సవాలకు జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీలలో నెగ్గినవారు వెళతారు. 15 నుంచి 29 ఏళ్ల మధ్యవారికి ఇందులో అవకాశం. జానపద బృంద నృత్యం పోటీలో ఒకటి. కూలి దొరకకపోయినా పదిమందిలో నిలబడే ధైర్యం వస్తుంది, చదువు చెడదు.

పరీక్షలో ఏం చూస్తారు?

కొత్త కుర్రాడు వేగంగా వాయిస్తే పెద్దలు మెచ్చుకుంటారని భ్రమపడతాడు. అనుభవం వున్న గురువు చూసేది వేగం కాదు. ఒకే దరువును చాలాసేపు వాయించమంటాడు. చేయి అలసిన తర్వాత నడక జారుతున్నదా, నిలుస్తున్నదా అని చూస్తాడు. కాలి గజ్జె, చేతి పుల్ల ఒక్కచోట పడుతున్నాయా అని గమనిస్తాడు. దెబ్బ తప్పినప్పుడు ఆగిపోతున్నాడా, పక్కవాడిని విని మళ్లీ అందుకుంటున్నాడా అన్నది అన్నింటికన్నా ముఖ్యం. ఇరవైమందిలో తన డోలు ఒక్కటే వినిపించాలనుకునేవాడు మేళానికి పనికిరాడు.

కనుక తయారయ్యేవాడు ముందు తాళాలు పట్టి లెక్క కుదుర్చుకోవాలి. కూర్చుని వాయించడం వేరు, డోలు మెడకు వేసుకుని నడుస్తూ వాయించడం వేరు. రోజూ కొంతసేపు డోలు కట్టుకుని పొలం గట్టున నడిస్తే భుజం, నడుము అలవాటు పడతాయి. తోలు ఎండకు బిగిస్తుంది, చలికి, తేమకు వదులవుతుంది. తాళ్లు బిగించి డోలును శ్రుతికి తెచ్చుకోవడం కూడా విద్యలో భాగమే. దాన్ని కొత్తవారికి దగ్గర కూర్చోబెట్టుకుని చూపించే మేళం నేర్పే మేళం. డోలు ముట్టనివ్వని మేళం మోయించుకునే మేళం.

జాతర వేళే పరీక్షల వేళ

అసలు చిక్కు క్యాలెండరులో వుంది. జాతర ఊపు మీద వుండే మాఘ, ఫాల్గుణాలలోనే ఇంటరు, పదో తరగతి పరీక్షలు వస్తాయి. 2024లో మహాశివరాత్రి మార్చి 8న వచ్చింది. ఆ రాత్రి కొమురవెల్లిలో పెద్దపట్నం. ఆ ఏడు ఇంటరు పరీక్షలు ఫిబ్రవరి 28న మొదలై మార్చి 19 వరకు సాగాయి. అంటే పెద్దపట్నం నడి పరీక్షల్లో పడింది. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న రాగా, ఇంటరు పరీక్షలు వారం తిరిగేసరికి మార్చి 5న ప్రారంభమయ్యాయి. పదో తరగతి పరీక్షలు మార్చి 21న మొదలైతే ఉగాది 30న వచ్చింది. సైన్సు పిల్లలకు ఫిబ్రవరిలోనే ప్రాక్టికల్సు కూడా వుంటాయి.

రాత్రంతా డోలు వాయించి తెల్లవారి పరీక్ష హాలులో కూర్చున్న కుర్రాడి చేతిలో కలం నిలవదు. కాబట్టి మేళం పెద్దను మొట్టమొదట అడగవలసిన మాట ఒక్కటే: పరీక్షల నెలన్నర మా వాడిని వదులుతారా? వదులుతామని పదిమందిలో చెప్పిన మేళాన్ని నమ్మవచ్చు. అప్పుడు చూద్దామన్న మేళానికి దూరంగా వుండడమే మంచిది. డోలు వచ్చే ఏడు కూడా వుంటుంది. పరీక్ష తప్పితే ఏడాది పోతుంది. 2015లో తెలంగాణ సాంస్కృతిక సారథిలో 550 మంది వరకు కళాకారులకు ప్రభుత్వ కొలువు దొరికిన మాట నిజమే. అయితే అలాంటి కొలువు ప్రతి కుర్రాడికీ దొరకదు. చేతిలో విద్యతోపాటు చేతిలో సర్టిఫికెట్టు వుండడం అవసరం.

బయానా, పంపకం

కార్యక్రమం ఒప్పుకున్నప్పుడు మేళం పెద్ద బయానా తీసుకుంటాడు. మిగతా సొమ్ము పని అయ్యాక వస్తుంది. అందులోంచి బండి కిరాయి, తిండి ఖర్చు పోను మిగిలింది పంచుకుంటారు. కొత్తవాడికి సగం వాటా ఇవ్వడం ధర్మమే కావచ్చు. కానీ ఆ సంగతి ముందే చెప్పాలి. తెల్లవారి అందరి ఎదుట లెక్క తేల్చే మేళంలో తగవులు తక్కువ. తర్వాత చూద్దామనే మేళంలో కొత్తవాడి వాటాయే ముందు మునుగుతుంది. చేరకముందు తండ్రి గానీ, అన్న గానీ ఒక రాత్రి ఆ మేళం వెంట వెళ్లి చూస్తే సగం సంగతులు వాటంతట అవే తెలుస్తాయి. ఆట అయ్యాక ఎవరు తాగుతున్నారు, బండి నడిపేవాడు మెలకువతో వున్నాడా, చిన్నవాళ్లకు ముందు అన్నం పెడుతున్నారా అన్నవి చూడాలి.

పైకి ఎక్కేది ఎవరు?

మనిషి మీద మనిషి నిలిచే ఆటలో తేలికగా వుంటాడని చిన్నవాడినే పైకి ఎక్కించడం అలవాటు. కిందివాడి కాలు జారితే పైవాడి నడుము పోతుంది. తొలి ఏడు నేల మీదే వుంచి, తర్వాత మట్టి నేల మీద సాధన చేయించి ఎక్కించే మేళం బాధ్యత తెలిసిన మేళం. సిమెంటు రోడ్డు మీద మొదటి రోజే ఎక్కమంటే కుర్రాడు నిర్భయంగా కాదనాలి.

18 ఏళ్లు నిండి బ్యాంకు ఖాతా వున్నవారు ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరవచ్చు. ప్రమాదంలో మరణించినా, పూర్తి వైకల్యం కలిగినా 2 లక్షల రూపాయలు వస్తాయి. 18 నిండని పిల్లలకు ఇది వర్తించదు. వారిని పైకి ఎక్కించకపోవడానికి అది మరో కారణం.

వేసవిలో నేర్పితే...

ఉగాది దాటితే జాతర సందడి తగ్గుతుంది, పరీక్షలు ముగుస్తాయి, బడి ఆవరణలు ఖాళీగా వుంటాయి. పెద్ద కళాకారులకు తీరిక దొరికేది కూడా అప్పుడే. ఆ నెలన్నర పంచాయతీలు బడి ఆవరణ ఇచ్చి, సాంస్కృతిక శాఖ గురువులకు కొంత గౌరవ వేతనం ఇస్తే మండలానికి ఒక డోలు శిక్షణ నడుస్తుంది. వరంగల్‌లోని జానపద, గిరిజన విజ్ఞాన పీఠం పెద్దల సలహా కూడా తీసుకోవచ్చు. అక్కడ నాలుగు మేళాల గురువులను ఒక్కచోట చూసిన కుర్రాడికి ఎవరి వద్ద చేరాలో తనకే తెలుస్తుంది. అంతవరకు తల్లిదండ్రులు మూడు మాటలు గుర్తుంచుకుంటే చాలు: నేర్పుతారా, పరీక్షలకు వదులుతారా, తెల్లవారి లెక్క చెబుతారా? మూడింటికీ అవునన్న మేళం పేరు లేనిదైనా సరే, తొలి మేళంగా అదే మంచిది.